ఒకటే జబ్బు

స్కానింగ్ ఫిల్ములు డాక్టర్ బల్ల మీద విసిరికొట్టింది రాజ్యశ్రీ.

"మీరు రాసిన బిళ్ళలే మా అమ్మ పూట తప్పకుండా వేస్తోంది. మా నాన్న పేగులో గడ్డ తగ్గకపోగా పెరిగింది. ఏమంటారు దీన్ని?"

వారానికోసారి విజయవాడ నుంచి నందిగామ వచ్చే కేన్సర్ డాక్టర్ హరిచరణ్ ఫిల్ము తీసి లైటుకి ఎత్తి పట్టుకున్నాడు. ఆ నింపాదితనం చూసి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది. హైస్కూలు టీచరే గానీ, కోపమొస్తే ముందు నోరు, తర్వాతే బుర్ర పనిచేసే మనిషి. బయట బెంచీ మీద పడుకోబెట్టిన తండ్రి కృష్ణయ్య చెవిన పడుతుందని కూడా ఆలోచించలేదు.

"జగ్గయ్యపేటలో మా ఎదురింటి జయరాజ్‌గారిదీ ఇదే జబ్బు. ఆయనకీ మీరే డాక్టరు. ఆయన బండేసుకుని సిమెంటు ఫ్యాక్టరీకి డ్యూటీకి పోతున్నాడు. మా నాన్న మంచం దిగలేకపోతున్నాడు. ఆయనకి మంచి మందూ, మాకు నాసి మందూనా?"

"మెల్లగా రాజ్యం" అంటూ తల్లి రాఘవమ్మ చెయ్యి పట్టుకుంది.

"నువ్వుండమ్మా! మెత్తనివాళ్ళని చూస్తే మొత్తబుద్ధని ఊరికే అన్నారా!"

డాక్టర్ ఫిల్ము దించాడు. "జబ్బు పేరు ఒకటేనమ్మా, గడ్డలు ఒకటి కావు. గడ్డలో ఉండే జీన్లకి స్విచ్చుల్లాంటివి ఉంటాయి. జయరాజ్‌గారి గడ్డలో ఒక స్విచ్చి ఆగిపోయి ఉంది, అందుకే ఆయన మందు పనిచేసింది. మీ నాన్నగారి గడ్డలో అదే స్విచ్చి వేసి ఉంది. ఆ మందు ఎంత వేసినా గడ్డ లెక్కచెయ్యదు, ఒంట్లో ఓపిక మాత్రం పోతుంది. ముక్క తీసి పరీక్ష చేయించి మరీ వేరే మందు రాశా."

"ఆ వేరే మందు ఏం ఊడబొడిచిందండీ?"

"అదే నాకూ అర్థం కావట్లేదు. ఈ స్కాన్ చూస్తే అసలు ఆ మందు ఒంట్లో పడనట్టే ఉంది. వేస్తున్న బిళ్ళలు ఓసారి చూపించండి."

"చూశావా, తప్పు మన మీదకి తోసేస్తున్నారు! చూపించమ్మా!"

రాఘవమ్మ ఒళ్ళోని మందుల సంచి గట్టిగా పట్టుకుంది. రాజ్యశ్రీ విసురుగా లాక్కుని, బిళ్ళల షీటు తీసి డాక్టర్ ముందు పడేసింది.

ఆయన దాన్ని తిప్పి చూశాడు.

"ఇది జయరాజ్‌గారికి రాసిన మందమ్మా."

రాజ్యశ్రీ తల్లి మీద విరుచుకుపడింది. "ఏం చేశావమ్మా నువ్వు?"

రాఘవమ్మ కూతురి వైపు తిరిగింది. "మొదటిసారి ఇక్కణ్ణించి ఇంటికెళ్ళాక నువ్వేగా గొంతు చించుకుని అరిచావు, మంచి మందు జయరాజ్‌కి రాసి మనకి నాసిది అంటగట్టాడని. ఎదురింటి జయమణినడిగి వాళ్ళాయన ఖాళీ షీటు తెచ్చి, మందుల షాపులో చూపించి అవే కొన్నా, అవే వేస్తున్నా. చదువుకున్న పిల్లవి, తెలిసే అంటున్నావనుకున్నానే."