ముసల్దాని క్లచ్

మామయ్య ట్రాక్టరెక్కి క్లచ్ తొక్కాడు. గేరు వేయబోతే లోపల పళ్ళు కరకరమన్నాయి. గోడ మీది పిల్లి దూకి పారిపోయింది.

"విన్నావురా? నిన్నట్నుంచీ ఇదే గోల" అన్నాడు.

మెకానిక్ విన్నాడు. అతనికి ఈ బండీ కొత్త కాదు, ఈ మేనమామా కొత్త కాదు. మీసాలైనా రాకముందే ఇదే సీటు మీద కూర్చోబెట్టి ట్రాక్టరు నేర్పింది ఆయనే. "క్లచ్ పెడలంటే కాళ్ళు పెట్టుకునే పీట కాదురా" అని మోకాలి మీద ఒక్కటిచ్చి మరీ నేర్పాడు. అత్తయ్య పోయాక ఆయనకి మిగిలిన లోకం ఈ ముసల్దే. చుట్టుపక్కల ఎన్ని కొత్త ట్రాక్టర్లొచ్చినా దీని మీద కూర్చుంటే ఆయన రాజు. దిగితే మామూలు ముసలాయన.

నిన్న ఆ రాజుగారి పరువు కాస్తా గంగలో కలిసింది. క్లచ్ తొక్కినా బండి ఆగలేదట. బ్రేకు అందుకునేలోపే వెళ్ళి పశువుల తొట్టిని గుద్దింది. తొట్టిలో నీళ్ళు పోస్తున్న కూతురు వెంట్రుకవాసిలో తప్పించుకుంది. అప్పట్నుంచీ మామయ్య ముద్ద ముట్టలేదు. మేనల్లుడొచ్చి బాగుచేస్తే గానీ తిననని భీష్మించుకు కూర్చున్నాడు.

మెకానిక్ ఇంజన్ ఆపించి బండి కిందికి దూరాడు. మామయ్యని మళ్ళీ తొక్కమన్నాడు. పెడల్‌కి తగిలించిన రాడ్డు సగం కదిలి ఆగిపోయింది. ఇంకా గట్టిగా తొక్కమన్నాడు. మళ్ళీ సగమే.

బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. దాహంగా ఉంది, కాసిని మంచినీళ్ళు తెమ్మని మామయ్యని లోపలికి పంపాడు. తను సీటెక్కి ఇంజన్ స్టార్ట్ చేసి చూశాడు. మామయ్య చెంబుతో వచ్చేసరికి ఇంజన్ ఆపేసి కింద నిలబడి ఉన్నాడు. చెంబు అందుకుని పక్కన పెట్టేశాడు.

"పోయింది మామయ్యా. ప్లేటు, ఫింగర్లు, మొత్తం పోయాయి. ఈ మోడలుకి సామాన్లు రావడం ఎప్పుడో మానేశాయి."

ఈ మాటలు మొహం చూసి చెప్పలేకపోయాడు. టైరుకి చెప్పాడు.

మామయ్య పెడల్ వంక చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. లోకానికంతా నీతులు చెప్పి, వయసు మీదపడ్డాక తనే తెలీకుండా పెడల్ మీద కాలు ఆనించి నడిపాడేమోనట. ప్లేటు అలాగే అరిగిపోయిందేమోనట.

"నా కాలి తప్పేనేమో సరిగ్గా చూడరా. నా దగ్గర దాచకు."

మెకానిక్ ప్రాణం చివుక్కుమంది. "నీ తప్పేం లేదు మామయ్యా. ఇనుముకి వయసైపోయింది, అంతే."

"నువ్వన్నావంటే సరే" అన్నాడు మామయ్య. కాస్త తేలికపడినట్టే ఉన్నాడు. ఆ నమ్మకం చూసి మెకానిక్ సిగ్గుతో చచ్చిపోయాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

బండిని తన షెడ్డుకి తోలుకుపోతానన్నాడు. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న మరదలు అతన్ని పక్కకి పిలిచింది. ఇంకో మెకానిక్‌కి చూపిస్తామంది. అక్కర్లేదన్నాడు. ఎందుకక్కర్లేదని ఆమె నిలదీసింది. మామయ్య బాగా డీలా పడ్డాడు, ముందు ఆయన్నోసారి డాక్టరుకి చూపించమని మాత్రం గొణిగాడు.

"మాట మార్చకు బావా. దీని మీద నీకెప్పట్నుంచో కన్నుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. చిన్నప్పుడు అతను నిజంగానే ఆ ఇంట్లో తిన్నాడు. తల దించుకున్నాడు. అది చూసి మరదలికి అనుమానం కాస్తా నిజమైపోయింది.

గొడవ తేల్చింది మామయ్యే. "వాడు నా చేతుల్లో పెరిగినవాడు. వాడు పోయిందంటే పోయినట్టే" అని కూతుర్ని కసిరి, తాళంచెవి తీసి మేనల్లుడి చేతిలో పెట్టాడు. పెట్టాక వెంటనే చెయ్యి తియ్యలేదు. కండువాతో బానెట్ మీది దుమ్ము తుడిచాడు, దీపం గాజు తుడిచాడు, ఇంకేం తుడవాలో తోచక లోపలికి వెళ్ళిపోయాడు. అప్పుడైనా అన్నం తిన్నాడో లేదో.

వేరే ట్రాక్టరు తెప్పించి గొలుసు కట్టి లాగించాడు. దారి పొడుగునా స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు గానీ, ఒక్కసారీ వెనక్కి తిరిగి చూసే ధైర్యం చెయ్యలేదు. ఎదురైనవాళ్ళు ఏమైందని అడుగుతూనే ఉన్నారు. క్లచ్ పోయిందని అందరికీ చెప్పాడు. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట నోటికి అలవాటు పడలేదు.

షెడ్డులో గొలుసు విప్పి, లాక్కొచ్చిన డ్రైవర్ని పంపేశాడు. తలుపు దగ్గరగా వేశాడు. బండిని మూలకి చేర్చాలి. సీటెక్కాడు.

ఇంజన్ స్టార్ట్ చేసి, క్లచ్ అడుగుదాకా తొక్కి గేరు వేస్తే, పొద్దున తను వేసి చూసినప్పటిలాగే చడీచప్పుడూ లేకుండా మెత్తగా పడింది. ఆ పెడల్‌ని సగానికి మించి దించే సత్తువ మామయ్య ఎడమ కాల్లోనే లేదు.