పసుపు గీతల మధ్య ఖాళీ

కొత్త యంత్రం కోసం తైవాన్‌లోని షిన్‌చూ చిప్పుల ఫ్యాక్టరీలో నేల మీద పసుపు గీతలు గీసి పద్దెనిమిది నెలలయింది. పది నెలల్లో ఇస్తామని జపాను కంపెనీ చెప్పిన యంత్రం ఇంకా రాలేదు.

గీతల మధ్య ఆకుపచ్చ రంగు చిరుతిండి పాకెట్టు ఒకటి మాత్రం ఉంది. అది పక్కనుంటే యంత్రం మొరాయించదని అక్కడి నమ్మకం. రాని యంత్రానికి కూడా పాకెట్టు పెట్టించింది బీషియా. గడువు దాటకముందే కొత్తది కొని మేనేజర్ పెంగ్ చేతికిచ్చేది.

ఇప్పుడామె గేటు బయట సేమ్యా పులుసు అమ్ముతోంది. అంతకుముందు ఇరవై రెండేళ్ళు నాలుగో లైనులో పనిచేసింది. మూడేళ్ళ క్రితం గిరాకీ పడిపోతే పెంగ్ ఆ లైను మూసేశాడు. యంత్రాలు తుక్కు కింద పోయాయి, ముప్పైమంది ఇళ్ళకు పోయారు.

"ఈ పాతకాలపు చిల్లర చిప్పులు ఇక ఎవరిక్కావాలి అక్కా," అన్నాడు ఆ రోజు.

ఏడాది తిరక్కుండా గిరాకీ విరగబడింది. కొత్త యంత్రం రాగానే ముప్పైమందినీ పిలుస్తానని మాటిచ్చాడు.

ఇప్పుడు గిరాకీ మళ్ళీ జారుతోంది. నెలాఖరుకు యంత్రం రాకపోతే ఆర్డరు రద్దేనని పైవాళ్ళు తేల్చేశారు.

"ఏమంటున్నారు సార్ జపానువాళ్ళు?" గిన్నెలో పులుసు పోస్తూ అడిగింది బీషియా.

"అంతా బిగించేశారట అక్కా. ఒక్క భాగం దొరక్క ఆగిందట."

"ఒక్కదానికి ఇన్నాళ్ళా? నా సేమ్యా మిషను విప్పి ఇమ్మంటారా?"

పెంగ్ నవ్వబోయాడు. గిన్నె పక్కన పెట్టేశాడు.

"ఆ భాగం చేసేవాళ్ళ చేతులు పడిపోయాయా ఏం? మా ముప్పైమంది కడుపు కొడుతున్నారు," అని గొణిగింది. "ఇంతకీ అదేమిటో అడిగారా?"

అడగలేదు. ఆ సాయంత్రమే ఉత్తరం రాశాడు.

జవాబు నెలాఖరున వచ్చింది, రద్దు కాగితం మీద సంతకం పెట్టిన గంటకు. చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత గేటు దగ్గరికి నడిచాడు.

బీషియా కొత్త పాకెట్టు చేతిలో పెట్టింది.

"దీని గడువు వచ్చే ఏడాది దాకా ఉంది సార్. ఈలోగా రాకపోతుందా?"

పెంగ్‌కు ఏడుపొచ్చింది. పాకెట్టు పట్టుకుని ఆమె చేతులవైపే చూస్తూ నిలబడ్డాడు.

జేబులోని ఉత్తరంలో ఉన్నది ఒక్కటే వాక్యం: "మాకు దొరకనిది గోరంత పాత చిప్పు, లోకం మొత్తం మీద దాన్ని చేసింది మీ నాలుగో లైను ఒక్కటే."