బండి ముక్కుకు గుడ్డ

జిన్నింగు మిల్లు షెడ్డులో నిలిపిన పెద్ద బండి బానెట్టు ఎత్తి, ఎవరో ఒక మనిషి అందులో చేతులు పెట్టి ఉండడం రామచంద్రమూర్తిగారి కంటబడింది.

ఆయన అసలే విసిగి ఉన్నారు.

ఆ బండి ఊరి సేవాసంఘానిది. వయసు పదేళ్లు దాటింది. పాము కరిచినవారినీ, నొప్పులు పడుతున్న ఆడవారినీ గుంటూరు ఆసుపత్రికి చేర్చడమే దాని పని. పర్చూరు పక్కనున్న ఆ నాలుగు పల్లెలకు ఆ రోజుల్లో మరొక ఆధారం లేదు.

అయితే అది నల్లపొగ కక్కుతూ, లీటరు డీజిలుకు ఏడు కిలోమీటర్లకు మించి కదలడం లేదు.

నెలాఖరులోగా పది కిలోమీటర్లకు తేలేకపోతే అమ్మివేయాలని సంఘం తీర్మానించింది. కొనేవారిని వెతికే బాధ్యత కార్యదర్శి బుల్లయ్యది. మైలేజీ పెంచే బాధ్యత అధ్యక్షులైన మూర్తిగారిది.

ఆయన కళాశాలలో ముప్పై మూడేళ్లు ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసినవారు. బండితో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని మూడుసార్లు చదివి, ముఖ్యమైన వాక్యాల కింద గీతలు గీశారు. డ్రైవరు బాలును యాభైకి మించి తోలవద్దన్నారు. పైనున్న క్యారియరు ఊడదీయించారు. రోగి వెంట ఇద్దరికి మించి ఎక్కరాదని నియమం పెట్టారు.

బండి మాత్రం వెనుక బెంచీ విద్యార్థిలా మొండికేసింది.

"ఎవరు నువ్వు? బానెట్టు ఎత్తమని నీకెవరు చెప్పారు?"

ఆ మనిషి తాపీగా తల తిప్పాడు. అరవై ఏళ్లుంటాయి. నలిగిన చొక్కా, మోచేతుల దాకా మసి.

"బుల్లయ్యగారు చూడమన్నారండి. డ్రైవరబ్బాయే తాళం తీసిచ్చి టీకెళ్లాడు."

అధ్యక్షుడితో ఒక్క మాటైనా చెప్పకుండా మెకానిక్కును పంపడమా? మూర్తిగారికి ఒళ్లు మండింది.

"ఇదేంటి సారూ, ఇక్కడీ గుడ్డ?" అన్నాడతను.

ఇంజను గాలి పీల్చుకునే గొట్టానికి పాత పంచెముక్క నాలుగు మడతలు వేసి కట్టి ఉంది.

అది మూర్తిగారి సొంత ఆలోచన. కళ్లంలో మిరపకాయలు ఎత్తేటప్పుడు కూలీలు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. మిల్లులో పత్తి నుసి రేగినప్పుడూ అంతే. మనిషికి పనికివచ్చిన ఉపాయం యంత్రానికి ఎందుకు పనికిరాదని ఆయన తర్కం. సంఘమంతా మెచ్చుకున్న తర్కం.

"దుమ్ము పోకుండా నేనే కట్టించాను."

"దుమ్ముతోపాటు గాలీ పోవట్లేదండి. ముక్కు మూసి పరిగెత్తమంటే ఏ ప్రాణైనా రొప్పుద్ది. ఆ నల్లపొగ అందుకే. లోపల ఫిల్టరు ఉండనే ఉంది, వారానికోసారి దులిపితే చాలు."

"పదివేల కిలోమీటర్లకు ఒకసారి చూస్తే చాలునని పుస్తకంలో స్పష్టంగా ఉంది."

"పుస్తకం రాసినాయన ఈ మిల్లు చూసుండడు సారూ."

మూర్తిగారి ముఖం కందిపోయింది. పుస్తకాన్ని ఎదిరించిన విద్యార్థిని ఆయన ఏనాడూ తరగతిలో ఉండనివ్వలేదు.

అతను గుడ్డ విప్పి పక్కన పెట్టాడు. ఫిల్టరు తీసి నేలకు తట్టితే పిడికెడు నుసి రాలింది. దాన్ని తిరిగి బిగించాడు. టైర్లను మడమతో తన్ని చూసి, గాలి తక్కువగా ఉందన్నాడు. చేతులు తుడుచుకుంటూ, ఈ బండి లేకపోతే ఇక్కడివాళ్లు ఆసుపత్రికి ఎట్లా పోతారని అడిగాడు. ఆ విచారం నీకు అనవసరమని మూర్తిగారు జవాబిచ్చారు.

అతను కాసేపు బండి వంకే చూస్తూ నిలబడ్డాడు.

"దీనికి రోగమేం లేదండి. ఆ గుడ్డ మళ్లీ కట్టకండి, అమ్మే పనే ఉండదు."

"నీ సలహాలు చాలు. ఇక వెళ్లు."

అతను తల ఊపి, ఎండలో రోడ్డు వైపు నడిచాడు. గుమ్మంలోకి వచ్చిన పగవాడికైనా మంచినీళ్లిచ్చే సీమలో, మూర్తిగారు అతన్ని కూర్చోమని కూడా అనలేదు.

టీ తాగి వచ్చిన బాలుకు చీవాట్లు పడ్డాయి. గుడ్డను శుభ్రంగా ఉతికి, ఆరాక యథాప్రకారం కట్టమని ఉత్తర్వు అయింది. టైర్లకు గాలి మాత్రం బాలు ఆ సాయంత్రమే పట్టించాడు.

మరునాడు, గుడ్డ ఇంకా తీగ మీదే ఉండగా, పత్తి తీస్తున్న రాఘవమ్మను పాము కరిచింది.

గుడ్డ గురించి ఆలోచించే వ్యవధి ఎవరికీ లేదు. బండి వెళ్లిపోయింది.

సాయంత్రం బాలు తిరిగి వచ్చి, రాఘవమ్మకు గండం గడిచిందని చెప్పాడు. సకాలంలో తెచ్చారని డాక్టరు అన్నాడట. దారిలో ఎక్కడా నల్లపొగ రాలేదట. పొద్దున్న నిండుగా ఉన్న ట్యాంకును మళ్లీ నింపడానికి పది లీటర్లే పట్టిందట.

రానూపోనూ నూట పన్నెండు కిలోమీటర్లు. మూర్తిగారు మూడుసార్లు భాగించారు. మూడుసార్లూ పదకొండు దాటింది.

ఆయనకు ఈసారి బండి మీద విసుగు రాలేదు.

తెల్లవారగానే, చెప్పవలసిన వాక్యాన్ని దారి పొడవునా సరిచూసుకుంటూ బుల్లయ్య ఇంటికి వెళ్లారు.

"బుల్లయ్యా, బండి అమ్మనక్కరలేదు. నువ్వు పంపిన మెకానిక్కుకు నేను క్షమాపణ చెప్పుకోవాలి. ఆయన చిరునామా ఇవ్వు."

బుల్లయ్య తెల్లబోయాడు.

"మెకానిక్కేంటి మాస్టారూ? నేనెవర్నీ పంపలా."

"మొన్న షెడ్డులో బానెట్టు ఎత్తి చూసినాయన."

"ఆయనా? అసలు మీరేమన్నారో గానీ, తిన్నగా మా ఇంటికొచ్చి మంచినీళ్లడిగి తాగి, బాగున్న బండి, అమ్ముకోవద్దండీ అని చెప్పి బస్సెక్కి పోయాడు."

బుల్లయ్య ఉసూరుమన్నాడు.

"మెకానిక్కు కాదు మాస్టారూ, వాడరేవు నుంచి చేపలు తోలుకోడానికి ఏడాదిగా ఇట్లాంటి బండి కోసమే తిరుగుతూ, బయానా డబ్బు చేతబట్టుకుని మన బండి కొనడానికొచ్చిన అలీ సాహెబ్ ఆయన."