సున్నా గీత

"తప్పు నాదేనని మన ఆఫీసు పెద్ద జైనాబ్ మేడమ్‌కు ఫోన్ చేసి ఒప్పుకో, ఎల్లయ్యా! నీ కొలతలు నమ్మి వచ్చిన ఓడ ఇసుకలో కూరుకుపోయింది. ఎవరి తప్పని తేలితే వాళ్లు ఇవాళే ఉద్యోగం వదిలి ఇంటికి. ఇది మేడమ్ హుకుం," అన్నాడు సముద్ర సర్వే అధికారి రఘుపతి.

సెలవు మీద ఇంటికొచ్చిన ఎల్లయ్యకు ఈ మాట చెప్పడానికే తీరం నుంచి మెదక్ వచ్చాడు. తీరా వచ్చాక తెలంగాణ బంద్. రాందాస్ చౌరస్తాలో రాస్తారోకో. కారు కదిలే దారి లేక ఎల్లయ్య ఇంట్లోనే ఇరుక్కున్నాడు.

ఎల్లయ్య తలొంచుకున్నాడు. "సముద్రంల పాతిన కొలత కర్ర మీద నీళ్లు యాడిదాక ఉంటే గదే చెప్పిన సార్."

"కునుకు తీస్తూ చెప్పావు. పోటు నీళ్లు తక్కువ చెప్పబట్టే సముద్రం ఉన్నదానికంటే ఎక్కువ లోతున్నట్టు లెక్క తేలింది."

"కర్రనే తప్పైతే?" లాప్‌టాప్ ముందున్న కావ్య అడిగింది. ఎల్లయ్య కూతురు. జీపీఎస్ కంపెనీలో ఉద్యోగం.

"ఆ కర్రకు వంక పెట్టే మొనగాడు పుట్టలేదు. కావాలంటే కొలిపించుకో."

కావ్య అప్పటికే సర్వే పడవ నడిపే గాబ్రియేలుకు ఫోన్ కలిపింది. "మామా, శాటిలైట్ మిషన్ కర్ర మీద పెట్టినవా?"

"పెట్టానమ్మా. ఇదేంటి, ఎత్తు మైనస్ డెబ్బై ఆరు మీటర్లంటోంది! నేను మునిగిపోయానా?"

రఘుపతి పగలబడి నవ్వాడు. "చాలు తల్లీ, నీ శాటిలైట్!"

"నువ్వేం మునగలే మామా. శాటిలైట్‌కు భూమి నున్నటి గుండు లెక్క. దాని లెక్కల మన సముద్రమంత గట్లనే కిందికుంటది. నెలంత నీ పడవ మీది మిషన్ కొలిచిన నీళ్ల ఎత్తులు గూడ గదే లెక్క. రెండు పక్కపక్కన పెడితే కర్ర సంగతి తెలుస్తది."

బయట నినాదాలు హోరెత్తుతున్నాయి. లోపల కావ్య వేళ్లు కీబోర్డు మీద టకటకలాడి, ఆగాయి.

"బాపూ! కర్ర మీది సున్నా గీత నీళ్లు అన్నిటికంటె దిగే మట్టం కాడ ఉండాలె, గది మూరెడు పైకున్నది! పాతినప్పుడే తప్పు. గందుకే నీళ్లు తక్కువ చూపెట్టింది. నువ్వు సూటిగనే చెప్పినవ్!"

ఫోన్‌లో పడవ జనం ఈలలు వేశారు. రఘుపతి స్క్రీన్ మీదికి వంగి లెక్క మళ్లీ మళ్లీ చూశాడు. నుదురు తుడుచుకున్నాడు.

"ఎల్లయ్యది తప్పు లేదు," అని గొణిగాడు.

"మాకు కాదు సార్," అంది కావ్య. "మేడమ్‌కు చెప్పుండ్రి. స్పీకర్ పెట్టి, జర గట్టిగ."

తప్పలేదు. చెప్పాడు.

"శభాష్ బేటీ!" అంది జైనాబ్ మేడమ్ గొంతు. "ఎల్లయ్యా, బంద్ అయిపోగానే డ్యూటీకి వచ్చెయ్. మరి ఆ కర్ర పాతించిందెవరు?"

రఘుపతి గబుక్కున స్పీకర్ ఆపబోయాడు. ఎల్లయ్య మొదటిసారి తలెత్తాడు.

"మీతోని మాట్లాడుతున్న సారే, మేడమ్."