బకెట్‌లో నీళ్లు

చెంబుతో బకెట్‌లో నీళ్లు పోస్తున్న చర్చి కోశాధికారి ఫాదర్ కంట పడ్డాడు.

"కారుతున్న పైకప్పు బాగుచేయించాం కదండీ! ఇంకా ఈ బకెట్ ఎందుకు?"

"గంట గోపురం పునాది కుంగుతోంది ఫాదర్. మీరెంత మొత్తుకున్నా ఒక్కరైనా జేబులో చెయ్యి పెట్టారా? కంటికి కనబడితేగానీ మనవాళ్లు కదలరు."

"దేవుడి ఇంట్లో మోసమా? తీసేయండి!"

"తీసేస్తా. రేపు ఆ గోపురం పిల్లల మీద కూలితే జవాబు మీరే చెప్పుకోండి."

ఫాదర్ కిటికీలోంచి గోపురం వైపు చూశారు.

ఇంతలో ప్రార్థనకి అందరికంటే ముందొచ్చే ముసలావిడ బకెట్ చూసి ఆగిపోయింది.

"అయ్యో, ఇంకా కారుతోందా ఫాదర్?" అంటూ చేతిసంచి తెరిచింది.

కోశాధికారి ఏదో చెప్పబోయాడు. ఫాదర్ చేత్తో వారించారు.

"కారుతోందమ్మా," అన్నారు.

అంతసేపూ దబాయించిన కోశాధికారే తల దించుకున్నాడు.