పదిహేడో నంబరు ముద్ర

యుద్ధం రాకముందు ఆ ఫ్యాక్టరీలో గోడగడియారాలు చేసేవారు. మగవాళ్లంతా సైన్యంలోకి వెళ్లాక అవే బల్లల ముందు ఆడవాళ్లు కూర్చున్నారు. ఇప్పుడు చేసేది ఫిరంగిగుండు ఎన్ని సెకన్లకు పేలాలో తేల్చే ఇత్తడి ఫ్యూజులు. ఒక్కొక్కదాన్నీ పరీక్షించి, తన నంబరు ముద్ర కొట్టి పంపడం వాళ్లలో ఒకమ్మాయి పని. ఆమె నంబరు పదిహేడు.

రెండు నెలల కిందట ఒక రాత్రి కునుకు ఆగక, ట్రే మొత్తానికి చూడకుండానే ముద్ర కొట్టేసింది. ఫ్యూజు చెడితే గుండు శత్రువు దాకా పోదు, పేల్చేవాడి ముఖం మీదే పేలుతుంది. ఆమె అన్నయ్య ఉన్నది ఫిరంగిదళంలోనే. ఆ ట్రే సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఈ రాత్రి పక్కబల్ల దగ్గర వదిన కూర్చుంది.

"మీ అన్నయ్య ఉత్తరం రాసి నలభై రోజులైందే. ఉత్త బద్ధకస్తుడు!"

ఆమె కొత్త ట్రే ముందుకు లాక్కుంది. మెరిసే ఫ్యూజుల మధ్య ఒకటి నల్లగా కాలి ఉంది. పేలిపోయిన ఫ్యూజు వెనక్కి రావడమన్నది ఎన్నడూ లేదు. ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. చప్పున అరచేతి కింద దాచింది.

అంతలో విరామం గంట కొట్టారు. యంత్రాలన్నీ ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఆమె చేతికింద అది టిక్, టిక్ మంటోంది.

వదిన లేచి వచ్చి ఆమె వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. ఫ్యూజు మీది మసి తుడిచి చూసింది.

"పదిహేడు. నీ ముద్రే కదే?"

దాన్ని చెవికి ఆనించుకుంది. ఎన్నాళ్లకో వదిన ముఖం విప్పారింది.

"మీ అన్నయ్యే! ఇదిగో, నిన్నేదో అడుగుతున్నాడు."