వీపుకు సరిపోయే స్టీలు పలక

"అబ్బో, ఇది పలకా, మా ఆవిడా? కదిలితే ఒట్టు!" అన్నాడు ఓడల అడుగున నాచు గీకే గజ ఈతగాడు. సిలిండరు బిగించి వీపున కట్టుకునే స్టీలు పలకను రెండు చేతులా లేపబోయాడు.

గోడకు వేలాడే నీటి కళ్ళద్దాలు గలగలలాడేలా నవ్వాడు కొట్టాయన. ఈతగాడి పక్కనున్న అతని భార్య మాత్రం నవ్వలేదు.

"అల్యూమినియంది తేలిక, అన్నా," అన్నాడు కొట్టాయన. " బరువుకి బెల్టుకు సీసం దిమ్మలు కట్టుకుంటావు. ఆపదొస్తే బెల్టు విప్పి పారేసి పైకి తేలొచ్చు. స్టీలుదైతే బరువంతా వీపు మీదే, విప్పలేవు."

"అయితే అల్యూమినియందే ఇవ్వు తమ్ముడూ. విప్పలేనిదొకటి పెళ్ళైనప్పట్నుంచీ మోస్తూనే ఉన్నా. ఏమే, అంతేగా?"

ఆమె స్టీలు పలకను ఎత్తి, కొత్త చొక్కా కొలత చూసినంత ప్రేమగా అతని వీపుకు ఆనించింది.

"ఇదే కట్టు తమ్ముడూ."

"అక్కా, దీంతో దిగినప్పుడు పైకి తేల్చే గాలిసంచి చిరిగిందనుకో, పక్కనున్నవాళ్ళే పట్టుకుని పైకి లాగాలి. అన్నతో జతగా దిగేదెవరు?"

ఈతగాడి నవ్వు మూతి మీదే ఆగిపోయింది.

"నేనే," అంది ఆమె. "ఏవండీ, అలా ఊపిరి బిగబట్టకండి. కొలత తప్పుతుంది."